నాన్న పారేసుకోని చీటీ

విశాఖపట్నం,
12 ఆగస్టు 2006

అమ్మకు నమస్కరించి ప్రమోదిని రాస్తున్నది. నేను క్షేమం. అక్కడి క్షేమం అడగడానికి నాకు నోరు రావడం లేదు. తమ్ముడు హేమంత్ ఈ ఉత్తరం చదువుతున్నప్పుడు నాన్న కూడా వినాలి.

ఇక్కడి పెద్దాసుపత్రిలో చూపించవలసిన మన డాక్టరు చీటీని నాన్న రైల్లో పారేసుకున్నాడన్నది నీ అభియోగం. మొన్నటి ఉత్తరంలోనూ రాయించావు: "అంత పెద్ద మడిసి, ఒక్క కాయితం ముక్క సూసుకోలేకపోనాడు." దానికి జవాబు నేను చెప్పాలి.

ముందు నీ ప్రశ్నలకు. హాస్టల్లో తింటున్నాను. చర్చా పోటీలో మొదటి బహుమతి వచ్చింది. పల్లె వైద్యులూ పట్నపు ఆసుపత్రులూ కంప్యూటర్ల ద్వారా రోగి వివరాలు పంచుకోవాలా అన్నది విషయం. వేసవిలో డాక్టర్ల చుట్టూ తిరిగింది అందుకే.

పలాసలో మన పాపారావు డాక్టరు గారు నవ్వారు. "మెయిలు పంపితే ఆల్లు సూత్తారేటమ్మా? నా సీటీకైతే పేషెంటు కాళ్లున్నాయి. నడిసెళ్లి ఆల్ల బల్లెక్కి కూకుంటాది."

ఇక్కడి పెద్దాసుపత్రి డాక్టరు విసుక్కున్నాడు. "మెయిల్ తెరిస్తే బాధ్యత నాది. తెరవకపోతే ఎవరిదీ కాదు. నన్నేది ఎంచుకోమంటావు?"

ఇద్దరితోనూ వాదించాను. ఇద్దరూ అలసిపోయి, మెయిల్‌కే సరేనన్నారు. దాన్నే గెలుపనుకున్నాను.

అమ్మా, నాన్న చేతికి చీటీ ఇవ్వనేలేదు. పాపారావు గారు రాయబోతుంటే ఆపింది నేను. నాన్న మూత్రపిండాలు దెబ్బతిన్నాయనీ, నొప్పుల మందు ఇవ్వకూడదనీ ఆయన చెప్పినదంతా స్టేషను పక్క ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని నా చేత్తోనే మెయిల్ పంపాను. కాళ్లవాపుతో ఉన్న మనిషిని ఒంటరిగా, ఉత్త చేతులతో రైలెక్కించాను. ఇక్కడి ఆసుపత్రిలో కొత్త డాక్టరు ఏమిటి బాధ అని అడిగితే, "ఒల్లంతా నొప్పులు బాబూ" అన్నాడట. ఐదు రోజులు నొప్పుల ఇంజెక్షన్లే పొడిచారు. నా మెయిల్‌ను పదకొండో రోజున తెరిచి, "అందినది" అని జవాబిచ్చారు. అప్పటికే డయాలసిస్ మొదలైంది.

రైల్లో పడిపోయిందన్న మాట నాన్న కల్పించింది. నాతో అన్నాడు: "నువ్వు నోరిప్పకు. మీయమ్మ నన్నయితే రెండ్రోజులు తిడతాది. నిన్నయితే సదువు మానిపిత్తాది."

రెండు నెలలైంది, నువ్వింకా తిడుతూనే ఉన్నావు. నేను బహుమతి తీసుకుని ఊరుకున్నాను.

నా ఒప్పుకోలుతో ఏదీ బాగుపడదు. డయాలసిస్ కోసం మంగళ, శుక్రవారాల రైలు నాన్నకు ఇక జీవితాంతం తప్పదు. ఆసుపత్రికి వచ్చే మెయిళ్లను ఇప్పుడు పదకొండో రోజున కూడా ఎవరూ తెరవడం లేదట.

హేమంత్, ఇక్కడ గొంతు తగ్గించకు. అమ్మా, అరుగు మీద వింటున్న పెదనాన్నా, నన్ను తర్వాత తిట్టండి, చదువు మానిపించండి. ముందు లేచి వెళ్లి, నాన్న మంచం దగ్గర నిలబడి, చీటీ నువ్వు పారేసుకోలేదని ఆయనకు వినబడేలా చెప్పండి.

ఇట్లు,
ఇన్నాళ్లూ నాన్న వెనక దాక్కున్న నీ కూతురు,
ప్రమోదిని