బాషోలో ఎనిమిదో రోజు

సెప్టెంబర్ 8, ఆదివారం

బాషో, అంటే పెద్ద సుమో పోటీ, మొదలు. పదిహేను రోజులు, ఒక్కొక్కరికి రోజుకో కుస్తీ. టోక్యోలో ఆరు కొట్టేలోపు, ఇక్కడ ఆస్ట్రేలియా టార్నీట్‌లో ఏడయ్యేలోపు, కురోమియామా బరిలోకి వస్తాడు. మంచం మీద లాప్‌టాప్. నేను గోడ వైపు, ప్రశాంతి అంచు వైపు. ఆమె కూర్చోగానే పరుపు అటు ఒరుగుతుంది, నేను జారి ఆమె భుజం మీద పడతాను. గోడకు అంటుకుని కూర్చుంటాను.

ఓడిపోయాడు. ముప్పై నాలుగేళ్ళు, కుడి మోకాలికి ఇటుకంత మందాన కట్టు. ఓజెకి అంటే పైనుంచి రెండో ర్యాంకు. జూలైలో ఎనిమిది గెలవలేకపోయాడు. ఈసారి కూడా గెలవకపోతే ర్యాంకు ఊడుతుంది. మోకాలు ఎలా ఉందని అక్కడ ఎవరూ అడగరు. ఈ ఆటలో నాకు నచ్చింది అదే.

సెప్టెంబర్ 10, మంగళవారం

మళ్ళీ ఓటమి. "ఎడమ చెయ్యి లోపలికి వెళ్ళలేదు చూడు, అక్కడే పోయింది" అంది ప్రశాంతి, రీప్లే రాకముందే. రీప్లేలో అదే.

ఇది నాకు దొరికిన ఆట. ఆస్ట్రేలియాలో మొదటి చలికాలం, రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ... అప్పుడు ఫోన్‌లో ఏదో వెతుకుతుంటే కనబడింది. నియమాలన్నీ ఒక్కదాన్నే నేర్చుకున్నాను. ప్రశాంతి ఫిబ్రవరిలో వచ్చింది — కాకినాడ పిల్ల, నర్సింగ్ స్టూడెంట్, గదిలో రెండో మంచం. మార్చి బాషోకి పక్కన కూర్చుని ప్రశ్నలు అడిగింది. జూలైకి నాకే చెప్పడం మొదలుపెట్టింది. నేను పుస్తకంలా చదివినదాన్ని ఆమె ఒంటితో అర్థం చేసుకుంటుంది. అది నాకు గిట్టదు. ఇక్కడ తప్ప ఇంకెక్కడ ఒప్పుకుంటాను.

సెప్టెంబర్ 11

గెలిచాడు. ఆమె చెప్పిన పట్టుతోనే.

సెప్టెంబర్ 12, గురువారం

ఉదయం ఏడు. పెరట్లో బట్టలారేసే చోట ప్రశాంతి. కాళ్ళు ఎడంగా పెట్టి, ఒక కాలు పక్కకు ఎత్తి, నిలిపి, నేల మీదకు తొక్కడం. తర్వాత రెండో కాలు. సుమోవాళ్ళు బరిలో చేసినట్టే. ఏజ్డ్ కేర్‌లో ముసలివాళ్ళను లేపీ కూర్చోబెట్టీ పట్టేసిన నడుము దీనితోనే వదిలిందట. ఎవరూ చూడట్లేదనుకుంది. ముఖంలో ఎంత శాంతి.

కిచెన్ కిటికీలోంచి ఇరవై సెకన్లు వీడియో తీశాను. షారన్‌కి పంపాను. షారన్ మా ఇంటి ఓనర్లు రాణి ఆంటీ, జాన్ అంకుల్‌ల కూతురు. ఇక్కడే పుట్టింది. తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులోనే. వరసగా నవ్వు బొమ్మలు. ఆ వెంటనే — "సండేకి ఐడియా వచ్చింది."

సెప్టెంబర్ 13, శుక్రవారం

ఐడియా ఏమిటంటే, ఆదివారం చర్చి ఫ్యామిలీ డేకి సుమో సూట్లు అద్దెకు తేవడం. లోపల స్పాంజి కూరిన తోలు రంగు సూట్లు, నెత్తిన నల్ల సిగ. అంకుల్ ఒప్పుకున్నారు. మైకులో కామెంటరీ నేను.

ప్రశాంతికి చెప్తే ముఖం చిట్లించింది. "పాపం వాళ్ళని ఎగతాళి చేసినట్టుంటుందే." సరదాకే కదా అన్నాను. ఇంకేం అనకుండా యూనిఫాం ఇస్త్రీ చేసుకుంది. సోమవారం నుంచి ఆమెకు ప్లేస్‌మెంట్, అంటే హాస్పిటల్‌లో శిక్షణ, నాలుగు వారాలు. ఈ గంటలు పూర్తి కాకపోతే పాస్ కాదు, మళ్ళీ అవకాశం వచ్చే ఏడాదికే. వీసా అంతదాకా ఉండదు.

సాయంత్రం ఆంటీ ఆమె ప్లేట్ చూసి, "రాత్రిపూట చపాతీలు రెండు చాలమ్మా" అంది. నా వైపు తిరిగి, "నీకేం, నువ్వు తినొచ్చు" అంది. నేను ఇంకొకటి వేయించుకున్నాను. ఆకలి లేదు.

సెప్టెంబర్ 14

మూడు గెలుపులు, నాలుగు ఓటములు.

సెప్టెంబర్ 15, ఆదివారం

రాయాలి. వరసగా రాస్తాను.

ప్రార్థన అయ్యాక అందరం ట్రుగనీనా పార్కుకి. గడ్డి మీద మ్యాట్, మ్యాట్ మీద తెల్ల గుండ్రటి గీత. దాటితే ఓటమి, కాలిపాదం తప్ప ఇంకేది నేలకు తగిలినా ఓటమి. మొదట పిల్లలు, తర్వాత అంకుల్స్. నేను మైకులో వాగుతూనే ఉన్నాను, జనం పడీ పడీ నవ్వుతున్నారు. నా మాటకు అంతమంది నవ్వడం ఈ దేశంలో మొదటిసారి.

షారన్ ప్రశాంతిని పిలిచింది. ఆమె బిర్యానీ ట్రేల దగ్గర వడ్డిస్తోంది. వద్దంది. షారన్ మళ్ళీ పిలిచింది. "రేపు ప్లేస్‌మెంట్ ఉంది, వద్దు" అంది. అక్కడితో ఆగిపోయేది. నా చేతిలో మైకు ఉంది.

"ప్రశాంతికి సూట్ అక్కర్లేదు. దేవుడే కుట్టించి పంపాడు."

అందరూ నవ్వారు. పాస్టర్‌గారు కూడా, నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని.

ఆమె గరిటె ట్రేలో పెట్టింది. చేతులు తుడుచుకుంది. చెప్పులు విడిచి మ్యాట్ ఎక్కి నా వైపు చూసింది. ఇక నేను తప్పించుకునే వీల్లేదు. షారన్ మైకు లాక్కుని నాకు సూట్ తొడిగింది.

మొదటి ఆట రెండు సెకన్లు పట్టలేదు. కిందనుంచి వచ్చింది, తల నా రొమ్ముకి ఆనించి, రెండు చేతులూ సూట్ పట్టీలో దూర్చి. వెనక్కి వెనక్కి నడిపించింది. గీత దాటాక నేను వెల్లకిలా పడబోతుంటే పట్టుకుని నిలబెట్టింది. గెలిచాక కూడా ఎదుటివాడు పడకుండా పట్టుకునేవాళ్ళంటే ఆమెకు ఇష్టం. నవ్వు ఆగిపోయింది. తర్వాత చప్పట్లు... ఎగతాళివి కావు. "అబ్బో, ఈ అమ్మాయికి నిజంగానే వచ్చే" అన్నారు జాన్ అంకుల్.

మళ్ళీ, అన్నాను నేను.

రెండోసారి కూడా అలాగే, తల వంచుకుని, నమ్మకంగా వచ్చింది. నేను పక్కకు తప్పుకున్నాను. హెంకా అంటారు దాన్ని. నియమానికి విరుద్ధం కాదు, గెలిస్తే గెలుపే. చేసినవాడి ముఖం మాత్రం తర్వాత ఎవరూ చూడరు. ఎదురుగా ఎవరూ లేక ఆమె తన బరువుతోనే ముందుకు పోయింది, మ్యాట్ దాటి, గడ్డి దాటి, సిమెంటు దారి మీదకు. కుడి చెయ్యి చాపి పడింది. ఎండుకొమ్మ విరిగినట్టు చప్పుడు.

నేను రెండు చేతులూ పైకెత్తాను. చప్పుడు విన్నాక ఎత్తాను. అదీ రాస్తున్నాను.

ఎమర్జెన్సీలో నాలుగు గంటలు. మణికట్టు మీద ఐసు సంచి. ఎలా జరిగిందని నర్సు అడిగింది. ప్రశాంతి నోరు తెరిచేలోగా నేనే చెప్పాను, గడ్డి తడిగా ఉంది, జారిపోయింది అని. ప్రశాంతి నన్ను చూసింది. కాదనలేదు.

ఏడు కావస్తుంటే, "టైమైంది, పెట్టు" అంది. నా ఫోన్‌లో చూశాం, ప్లాస్టిక్ కుర్చీల్లో, మధ్యలో ఒక కుర్చీ ఖాళీగా. కురోమియామా గెలిచాడు. ఆమె చప్పట్లు కొట్టబోయి ఆగింది.

సెప్టెంబర్ 16, సోమవారం

మణికట్టు రెండు చోట్ల విరిగింది. మోచేతిదాకా పిండికట్టు, ఆరు వారాలు. యూనిఫాం తలుపుకు అలాగే వేలాడుతోంది. ఆమె తీయలేదు, నేనూ తీయలేదు.

సెప్టెంబర్ 17

పాస్టర్‌గారు ఇంటికొచ్చి ప్రార్థన చేశారు. ఆ క్షణంలో అటు చూడలేదట, ఎలా పడిందని అడిగారు. చెప్పాను, తడి గడ్డి. ఆంటీ తన చెల్లెలికి ఫోన్‌లో చెబుతూ నన్ను పిలిచింది, మళ్ళీ చెప్పాను. మూడోసారి చెప్పేసరికి నాకే కనిపించింది, గడ్డి తడి. ఆదివారం ఎండ కాసింది.

సెప్టెంబర్ 19, గురువారం

జడ వేయమని ప్రశాంతి షారన్‌ని అడిగింది. షారన్‌కి జడ వేయడం రాదు. యూట్యూబ్ చూసి వేసింది, వంకరగా. నేను రెండడుగుల దూరంలో అసైన్‌మెంట్ చేస్తున్నాను.

వేస్తూ వేస్తూ షారన్ ఆ వీడియో చూపించింది. పెరట్లోది. నేను పంపానని చెబుతూనే చూపించింది, ఆ పిల్లకు దాచాలని కూడా తోచలేదు. ప్రశాంతి రెండుసార్లు చూసింది. తర్వాత నాతో, "కాలు ఇంకా పైకి లేవాలి నాది" అంది.

నాలుగు రోజుల్లో నాతో అన్నది అంతే. తిడితే బాగుండేది.

సెప్టెంబర్ 21, శనివారం

వేర్‌హౌస్‌లో ఎనిమిది గంటలు డబ్బాలకు టేపు. ఫోన్ చూడనివ్వరు. బస్‌లో చూశాను. ఏడు గెలుపులు, ఏడు ఓటములు. రేపు ఒక్కటే మిగిలింది.

సెప్టెంబర్ 22, ఆదివారం

చర్చికి వెళ్ళలేదు. తలనొప్పి అన్నాను.

ప్రశాంతి తన మంచం మీద, గోడ వైపు తిరిగి. నేను సౌండ్ తగ్గించలేదు. ఎదుటివాడు ఇరవై రెండేళ్ళ కుర్రాడు, కురోమియామాను చూసే ఈ ఆటలోకి వచ్చానని చెప్పుకున్నవాడు. ఇద్దరూ కూర్చున్నారు, చేతులు నేలకు తాకించారు, లేచారు.

కురోమియామా పక్కకు తప్పుకున్నాడు.

కుర్రాడు బోర్లా పడ్డాడు, నోట్లోకి మట్టి. హాలంతా గుసగుస... ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. ఓజెకి తల వంచి నమస్కారం చేసి దిగిపోయాడు, ఎవరి వైపూ చూడకుండా. ర్యాంకు దక్కింది.

నాకు సంతోషమేసింది. మొదట వచ్చింది సంతోషమే. తర్వాత అనిపించింది, అతనికి పోవడానికి ఒక ర్యాంకు ఉంది. ఆ పార్కులో నాకు పోయేదేముందని తప్పుకున్నాను.

"ఎనిమిదా?" గోడ వైపు నుంచే.

ఎనిమిది అన్నాను.

"ఎలా?"

లాప్‌టాప్ మూసేశాను.

సెప్టెంబర్ 24, మంగళవారం

యూనివర్సిటీ నుంచి ప్రశాంతికి ఉత్తరం. ప్లేస్‌మెంట్‌కి ముందురోజు, తెలిసి తెలిసి కుస్తీ ఆటకు దిగి దెబ్బ తగిలించుకున్నట్టుంది, మినహాయింపు ఎందుకివ్వాలి అని. తన తప్పు కాదని చూపించాలి. కళ్ళారా చూసినవాళ్ళెవరైనా రాసివ్వాలి. గురువారం సాయంత్రం ఐదు లోపు. ఒప్పుకుంటే నవంబర్‌లో వేరే హాస్పిటల్‌లో సీటు. లేకపోతే ఫెయిల్.

ప్రశాంతి ఆ ఉత్తరం నా టేబుల్ మీద పెట్టి వెళ్ళింది.

సెప్టెంబర్ 25

నిజం రాస్తే ఆమెకు పనికొస్తుంది. రెండుసార్లు వద్దంది, బలవంతంగా దింపారు. ఎవరు దింపారో కూడా రాయాలి. ఏం అని దింపారో, తర్వాత ఏం చేశారో. ఆ కాగితం ఆంటీ చూస్తుంది, చర్చి చూస్తుంది. తర్వాత ఈ ఇంట్లో ఏ ముఖంతో ఉండాలి.

సెప్టెంబర్ 26, గురువారం

రాశాను. మూడు వాక్యాలు. ఫ్యామిలీ డేలో సరదా ఆట. గడ్డి తడిగా ఉండి జారింది. ఆమె తప్పేమీ లేదు.

ప్రశాంతిని పిలిచి చూపించాను. నా వెనక నిలబడి, ఎడమచేత్తో మౌస్ కదుపుతూ చదివింది. మందుల వాసన, పిండికట్టు వాసన.

"ఇంగ్లీష్ బాగుంది" అంది. "పంపెయ్."

ఇదేనా జరిగింది, అని అడిగాను. ఎందుకడిగానో.

"చూసింది నువ్వేగా. నేను తల వంచుకుని వస్తున్నాను."

వెళ్ళి వంటగదిలో కుళాయి తిప్పింది. ఒంటి చేత్తో గిన్నె కడుగుతున్న చప్పుడు, గిన్నె సింకులో తిరుగుతోంది.

నాలుగూ నలభై. రెండో వాక్యం, ఆ తడి గడ్డిది, చెరిపేశాను. నేను, అని కొట్టాను. ఆ మాట తర్వాత కర్సర్ కొట్టుకుంటోంది. నాలుగూ నలభై ఆరు.