మ్యాపులో లేని ఈగ

ఫిబ్రవరి 11, బుధవారం

ఈ డైరీలో ఇంతవరకు వాన, ఎండ, నా బీపీ తప్ప ఏమీ రాయలేదు. ఇవాళ నా తప్పు రాయాలి.

సోమవారం, మ్యూజియం సర్వే కోసం మనవరాలు రాస్తున్న హోవర్‌ఫ్లై లిస్టులో పదిహేడో నంబరు ఎర్ర ఇంకుతో కొట్టేశాను. కందిరీగ వేషం కట్టి గాలిలో కదలకుండా నిలబడే ఈగలివి. కుట్టవు. మా దగ్గరుండే రకానికి కళ్లలో చుక్కలుంటాయి. ఈ పిల్ల కళ్లలో చారలున్నదాన్ని చూశానంది. పుస్తకంలో మ్యాపు చూపించి, చారల ఈగ ఉండేది మూడొందల కిలోమీటర్ల అవతల, చూడనిది రాయకూడదు అన్నాను. మ్యాపు గీసినాయన మన డాబా ఎక్కి చూశాడా నానమ్మా అంది. ఎదురు చెప్పకు అన్నాను. అప్పటినుంచి నాతో మాటల్లేవు.

ఈ ఉదయం 8.20. డాబా మీద కొత్తిమీర పూలపై ఒక ఈగ. భూతద్దంలో చూశాను. కళ్లలో చారలే. ఐదు లెక్కపెట్టేసరికి ఎగిరిపోయింది.

ఫిబ్రవరి 12

ఫోటోలు ముప్పై ఒకటి. అన్నిట్లోనూ నా బొటనవేలే.

ఫిబ్రవరి 13

మ్యూజియం వాళ్ల సర్వే రేపు సాయంత్రం ఐదింటికి ముగుస్తుంది. ఆలోగా రుజువు పంపకపోతే పిల్ల చూసింది రికార్డుకెక్కదు. ఫోటో తీయడానికి రమ్మని మనవరాలిని అడిగాను. తప్పు నాదేనన్నాను. తలెత్తకుండానే, ఆ ముక్క ఎర్ర ఇంకుతో రాసిస్తావా అంది. రాసి, తేదీ వేసి, సంతకం చేశాను. దాన్ని ఫ్రేము కట్టిద్దాం అత్తయ్యా అంది కోడలు వంటింట్లోంచి.

డాబా మీద నేను గొడుగు పట్టాను. మనవరాలు ఫోన్ పట్టుకుని బోర్లా పడుకుంది. నలభై నిమిషాలు. ఈగ వచ్చింది. మా ముక్కుల ముందే ఆగింది, మమ్మల్నే గుర్తుపడుతున్నట్టు. ఫోటోలో ప్రతి చారా స్పష్టం. మేమిద్దరం ఒకరి చేయి ఒకరం పట్టుకుని గెంతాం. నా మోకాళ్ల సంగతి రేపు చూసుకుంటాను.

ఫోటో పంపిన గంటకు మ్యూజియం ఆఫీసరు ఫోన్ చేశారు. మ్యాపులో ఖాళీ ఉందంటే ఈగ లేదని కాదు మేడమ్, అక్కడ వెతికినవాళ్లు లేరని అన్నారు. పక్కనుంచి తీసిన ఫోటో ఇంకొకటి కావాలట.

ఫిబ్రవరి 14, ఉదయం 5.50

పిల్ల నాకంటే ముందే లేచి డాబా మెట్ల మీద కూర్చుంది. ఇవాళ చేయాల్సినవి:

1. పదిహేడో నంబరు మళ్లీ ఎక్కాలి. దాని చేతిరాతతోనే.
2. పక్కనుంచి ఫోటో. ఐదింటిలోపు.
3. సర్వే ఫారంలో చూసినవారు అన్నచోట దాని పేరు. నాది సాక్షి గడిలో.
4. పుస్తకంలో మ్యాపు మీద, మా డాబా ఉన్నచోట, ఒక చుక్క. ఎర్ర ఇంకుతో.