రీలు కాదు, హుయిల్

డేవిడ్ నాన్నగారికి,

అక్కడ మీరు కులాసానా? అత్తమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? మామయ్యకి ఆ దగ్గు రావట్లేదు కదా? ఇక్కడ నాకు ఒకటే బెంగ. మిమ్మల్ని తీసుకుపోయిన ఆ దీఘా సముద్రంలోనే గేలం వేస్తానని మన డేవిడ్ పట్టుబట్టాడు.

నిన్న నేనూ వాడితో గేలాలూ దారాలూ అమ్మే దుకాణానికెళ్ళాను. "దాదా, మంచి రీలు చూపించు" అన్నాను. దుకాణదారు కుట్టుదారం రీళ్ళు నా ముందర పోసి "మాసీమా, ఏ రంగు?" అన్నాడు.

డేవిడ్ ఒకటే నవ్వు. "ఏటమ్మా, ఇన్నేళ్ళు కలకత్తాలో ఉండీ! వీళ్ళు గేలం రీలుని హుయిల్ అంటారు." మీరూ ఇలాగే వెక్కిరించేవారు.

చెరువుకీ సముద్రానికీ ఒక్కటే కావాలంటే తుప్పు పట్టనిది, లోపలికి ఉప్పునీళ్ళు దిగనిది తీసుకోమన్నాడాయన. పెద్ద చేప లాగితే దారం దానంతటదే వదలాలట. నేనే దారం పట్టుకుని లాగి చూశాను. బరబరా వచ్చేసింది. మీది ఆ రోజు ఉప్పుకి బిగిసిపోయి దారం వదల్లేదు, మీరూ కర్ర వదల్లేదు.

అదే కొన్నాం. వాడిన ప్రతిసారీ మంచినీళ్ళతో కడగమని వాడికి చెప్పాను. "సర్లేమ్మా" అన్నాడు. నాకు ఆ సర్లే చాల్లేదు. అవసరమైతే కర్ర వదిలేస్తానని మీ ముందర చెప్పాలి, అప్పుడే దీఘా. వచ్చే ఆదివారం ఆరాధన అవగానే వాణ్ణి మీ సమాధి దగ్గరికి తీసుకొస్తాను.