ఎడమవైపు చూసిన పిల్లలు

అన్నయ్యా, ఈ మెసేజ్ నీకు చేరదని తెలుసు. అయినా పెడుతున్నాను.

నువ్వు చనిపోయాక మాస్టారు నీ వీడియో చూపించే మన ట్రూప్ పిల్లలకి గరగ డాన్సు నేర్పించారు. రేపే అమ్మవారి జాతర. ఇవాళ అందరూ నెత్తిన అమ్మవారి గరగ కుండ పెట్టుకుని గిర్రున తిరిగి, ఒక్కసారిగా ఎడమవైపు చూశారు. అక్కడ నేనున్నాను. నీ ఎడమపక్కన ఆడే నేను అడుగు తప్పుతానేమోనని నువ్వలా చూసేవాడివి. వీడియోలో అది చూసి పిల్లలు అదీ స్టెప్పే అనుకున్నారు.

“మెడ తిప్పితే గరగ పడిపోద్ది! ఎవడు నేర్పాడ్రా మీకు?” అని మాస్టారు కసిరారు.

“వీడియోలో అన్నయ్య చూశాడండి” అన్నాడు అందరికంటే బుడ్డోడు.

మాస్టారు వెళ్ళడానికి చెప్పులేసుకున్నారు. తర్వాత నాతో, “నువ్వే మాన్పించరా” అన్నారు.

ఆయన వెళ్ళాక మళ్ళీ ఆడించాను. అందరూ నీలాగే నావైపు చూశారు. ఒక్కరినీ ఆపలేదు. రేపు ఆయన తిడితే పడతాను.