తూర్పు వీధి బాలికల వాలీబాల్ సంఘం అనుమానాస్పదంగా పెరిగిన వైనం

తిరుపతి,
12-12-1979.

జిల్లా బాలికల క్రీడల అధికారి గారి సముఖానికి,
చిత్తూరు.

అయ్యా,

విషయం: తూర్పు వీధి బాలికల వాలీబాల్ సంఘం ఏడు నెలల్లో ఆరుగురి నుంచి ముప్పై ఎనిమిది మందికి పెరగడం – కారణాలు అనుమానాస్పదంగా ఉండడం – విచారణ కోరడం – గురించి.

సదరు వీధి కాపురస్తుడు, ఆలయ కార్యాలయంలో తపాలా విభాగపు గుమాస్తా అయిన సుదర్శనం విన్నవించుకొనునది ఏమనగా:

1. ఈ సంఘం మొన్న ఉగాది తర్వాత బడి మైదానంలో ఆరుగురు ఆడపిల్లలతో మొదలైంది. నడిపేది డ్రిల్లు టీచరు చంద్రకాంతమ్మ, పలమనేరు వైపు రైతుబిడ్డ. కరపత్రం లేదు, మైకు లేదు, ఇంటింటికీ వచ్చి అడిగినవాళ్లు లేరు. అయినా దీపావళి నాటికి ముప్పై ఎనిమిది మంది అయ్యారు. నేను ఇరవై రెండేళ్లుగా కాగితాల మధ్య బతుకుతున్నవాణ్ణి. వెనక నుంచి ఎవరో ఒకరు తోయకుండా ఏదీ ఇంత వేగంగా కదలదని నాకు తెలుసు.

2. ఈ అంశం రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా అర్జీలో దాచకూడదు. మా వైష్ణవుల ఇళ్లల్లో ఆడవాళ్లు నెలకు మూడు రోజులు దూరంగా ఉంటారు. పెరటి వసారాలో వేరే చాప, వేరే చెంబు. వాళ్లకు ఎవరూ పని చెప్పరు, మగవాళ్లు అటు తిరిగి చూడరు. పెరుమాళ్ల నైవేద్యం ఎవరు వండాలో ముందే తెలియాలి గనుక, ఆ రోజులకు పంచాంగం అంచున రోజుకొక సున్న చుట్టిపెట్టుకోవడం నా అలవాటు. మా అమ్మాయి కుముదవల్లికి పదిహేనేళ్లు. కార్తీక మాసంలో దానికి తొమ్మిది సున్నలు పడ్డాయి.

భయపడ్డాను. తండ్రి నోరు తెరిచి అడిగే సంగతి కాదు. నా భార్య పెరుందేవిని అడిగితే, "వయసులో ఉండే పిల్ల, అట్లే ఉంటాది" అని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఒక బలం మందు సీసా కొనుక్కొచ్చి, వసారా గడప మీద పెట్టి, దగ్గి, వచ్చేశాను. సాయంత్రం దూరం నుంచే తొంగి చూశాను. సీసా అక్కడే ఉంది. పిల్ల లేదు.

3. పక్కింటి శ్రీమన్నారాయణను మెల్లగా కదిలించాను. అతను గొంతు తగ్గించి, "మా పిల్ల పద్మాక్షికి పదకొండు దినాలు స్వామీ, నేను ఎవురికీ చెప్పుకోలేదు" అన్నాడు. మరో నాలుగిళ్లలో విచారించాను. అన్నిచోట్లా అవే తేదీలు! ఒక వీధిలో ఇన్ని వసారాలు ఒక్కసారే నిండడం సహజం కాదని తమరికి వేరే చెప్పనక్కరలేదు.

4. కడుపునొప్పి అని సెలవు చీటీ ఇచ్చి (అది అబద్ధమని ఇందుమూలంగా ఒప్పుకుంటున్నాను) ఈ నెల 3వ తేదీ సోమవారం మైదానం గోడ చాటున నిలబడ్డాను. వసారాల్లో కదలకుండా కూర్చోవలసినవాళ్లు అందరూ అక్కడ పావడాలు ఎగదోపి, లోపల పైజామాలతో ఎగురుతున్నారు. బంతి పైకి లేచింది. "నాది! తప్పుకోండే!" అని ఒక అరుపు. మా ఇంట్లో కుముదవల్లి మాట పక్క గదికి కూడా వినిపించదు. ఆ గొంతు మా పిల్లదేనని పోల్చుకోవడానికి నాకు కాసేపు పట్టింది.

ఇంతలో చంద్రకాంతమ్మ, "ఎవురప్పా ఆడ, గోడ చాటున?" అంటూ వచ్చి, నా నామం చూసి ఆగింది. "కుముదం నాయన కదా మీరు? లోపలికి రాండి స్వామీ" అంది. అడగకముందే చెప్పింది: "మొదట వచ్చిన ఆరుగురూ నిజంగానే ఆ మూడు దినాలు ఊరికే కూర్చోనుండిన పిల్లోళ్లే. రాండి, ఆడుకుందురు గానీ అన్నాను. మిగతా దినాల్లో నీళ్లు మోసేది, బియ్యం ఏరేది, తమ్ముళ్లను ఎత్తుకునేది. ఆటకు యాడ తీరుతాది? అందుకని ఆ మూడు దినాల్నే సాగదీసుకున్నారు. నేను చెప్పలా." ఆ 'నేను చెప్పలా' అన్నదాన్ని నేను నమ్మడం లేదు.

తర్వాత ఆమె అన్న మాట ఇది: "సూళ్లూరుపేటలో జరిగే వాలీబాల్ పోటీలకు జాబితా చిత్తూరుకు పంపించేసినాను. మీ కుముదం పేరు కొట్టేసినాను. ఆ పిల్లే కొట్టేయమనింది. మా నాయన సంతకం పెట్టడు మేడం, నేను అడగను అనింది."

అడిగి, నేను కాదంటే అది వేరు. అడగనే లేదు.

5. ఇంటికి వచ్చి పెరుందేవిని నిలదీశాను. ఆమెకు మొదటి నుంచీ అంతా తెలుసు. చేటలోంచి తల ఎత్తకుండానే అంది: "పద్నాలుగో ఏట నుంచి ఆ వసారాలో గోడను సూస్తా కూర్చున్నాను. ఏం చేస్తాండావు ఆడ అని ఒక్క దినం అడిగినారా మీరు? బిడ్డ ఆడుకుంటే మాత్రం సున్నలు లెక్క పెట్టినారు."

దీనికి జవాబు తమ దగ్గర ఉంటే తెలియజేయగలరు.

కావున తమరు సదరు సంఘంపై పూర్తి విచారణ జరిపించాలి. విచారణ సజావుగా సాగాలంటే అనుమానితులందరూ ఒకేచోట ఉండడం అవసరం గనుక, కొట్టివేసిన కుముదవల్లి పేరును జాబితాలో తిరిగి చేర్చాలి. పేర్లు చేర్చే గడువు 15వ తేదీతో ముగుస్తుందని విన్నాను. తండ్రి అంగీకార పత్రం నా సంతకంతో ఇందుకు జతపరిచాను. నిఘా నిమిత్తం నేను కూడా జట్టు వెంట వెళ్లడానికి అనుమతి ఇప్పించాలి.

నా అనుమానాల్లో ఒక్కటీ తీరలేదు. అవి తర్వాత తీర్చినా ఫరవాలేదు, పేరు మాత్రం ముందు చేర్చమని కోరే ఈ మనవిని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
సుదర్శనం

తా.క.: కవరు అంటించే ముందు అమ్మాయిని పిలిచి, సూళ్లూరుపేటకు పోతావా అని అడిగాను. తలుపు పట్టుకుని నన్ను కింది నుంచి పై దాకా చూసింది. "ఎందుకు అడగతాండారు నాయనా? మీకు ఎవురు చెప్పినారు?" అంది. సంతకం చూపించాను. ఆ కాగితాన్ని వెలుతురులోకి పట్టుకుపోయి, ముందూ వెనకా తిప్పి చూసి, నా చేతికే తిరిగి ఇచ్చింది. నా చేతిరాతను పిల్ల నమ్మడం లేదు. తమ ఆఫీసు ముద్ర ఉన్న కాగితం వస్తేగానీ నమ్మేటట్టు లేదు. దయచేసి తొందరగా పంపించండి.