ఎద్దు మూతి పెట్టిన చోట

జనగామ,
5 అక్టోబరు 1981

చౌరస్తా సుందరీకరణ సంఘం కార్యదర్శి వెంకటరత్నం గారికి, స్టేషన్ రోడ్డులో పల్లికాయ, ఆముదాల వ్యాపారం చేసే కైలాసం నమస్కరించి రాసేది.

శనివారం నేను వరంగల్ పోయి వచ్చేసరికి మా దుకాణం ముందున్న రాతి తొట్టి లేదు. మీ మనుషులు గడ్డపారలతో పెళ్ళగించి ట్రాక్టరులో ఎత్తుకుపోయారని మా ఇంటామె రాజమణి చెప్పింది. ఎందుకని అడిగితే, "ఈడ ప్రజల కోసం పెద్ద చౌక్ కడుతున్నరమ్మా, మీ తొట్టి అడ్డమున్నది" అన్నారట. ఆ తొట్టి కూడా ప్రజల కోసమే పెట్టింది. మా నాయిన పెట్టించాడు.

మీరు ఈ ఊరికి కొత్త కనుక ఒక సంగతి చెప్పాలి. ఊళ్ళ నుంచి సరుకు తెచ్చే రైతు మొదట ఎడ్లను విప్పి నీళ్ళు తాపుతాడు. ఎవరి తొట్టిలో ఎద్దు మూతి పెడితే ఆ పంట అయ్యేదాకా సరుకు వాళ్ళ దుకాణంలోనే దించుతాడు. ఇది ఏ షావుకారూ పెట్టిన నియమం కాదు. రైతులు తమకు తాము పెట్టుకున్నది. ఇంతవరకు తప్పిన రైతును నేను చూడలేదు.

అరవై తొమ్మిది ఉద్యమంలో ఈ చౌరస్తాలోనే నాకు లాఠీ దెబ్బలు పడ్డాయి. ముఖం మీది రక్తం ఆ తొట్టిలోనే కడుక్కున్నాను. నన్ను కొట్టిన జవాను కూడా అలసిపోయి అందులోనే ముఖం కడుక్కున్నాడు. అతను సైతం తొట్టి జోలికి పోలేదు.

దసరా దాటితే పల్లికాయ బండ్లు వస్తాయి. తొట్టి లేకపోతే ఈ ఏడు నాకు వ్యాపారం లేదు. వెంటనే తెచ్చి పెట్టించండి.

ఇట్లు,
కైలాసం

తా.క.: తొట్టి ఎత్తిన తర్వాత మీ మనుషులు చేతులు కడుక్కున్నది అందులోని నీళ్ళతోనేనట. ఆ లెక్కన వాళ్ళు నా దుకాణంలో ఏదో ఒకటి దించాలి.

*

చౌరస్తా సుందరీకరణ సంఘం, జనగామ,
14 అక్టోబరు 1981

శ్రీ కైలాసం గారికి,
అయ్యా,

కుళాయి కోరుతూ మీరు పెట్టుకున్న దరఖాస్తు అందినది. కుళాయిలు మా సంఘం పరిధిలోనివి కావు.

చౌరస్తాలో నిర్మిస్తున్న ప్రజా ప్రాంగణంలో నడుమ తామరపువ్వు ఆకారపు ఫౌంటెన్, చుట్టూ సిమెంటు బల్లలు, మీ దుకాణం ముందు తెల్లగీతల మధ్య స్కూటర్లు, కార్లు నిలిపే స్థలం ఉంటాయి. ఆ స్థలంలో వాహనం తప్ప మరే వస్తువూ ఉండరాదు. వాహనాలకు టోకెన్ ఇచ్చేందుకు సాంసన్ అను ఉద్యోగిని నియమించాము. ఎడ్లబండ్లు ఇకపై రైలు గేటు అవతల నిలపవలెను.

నీటి విషయమై మీరు చింతించనవసరం లేదు. ఫౌంటెన్ నీరు అందరిదీ.

భవదీయుడు,
టి. వెంకటరత్నం, కార్యదర్శి

తా.క.: మీ ప్రాంతపు ఆచారం ఆసక్తికరంగా ఉంది. అయితే మా నియమావళిలో ఎద్దు ప్రస్తావన లేదు.

*

జనగామ,
17 అక్టోబరు 1981

కార్యదర్శి గారికి,

నేను కుళాయి అడగలేదు. తొట్టి అడిగాను. నా ఉత్తరాన్ని చదివి జవాబు రాశారా, బరువు చూసి రాశారా?

"మీ ప్రాంతం" అని రాశారు. మీరు జీతం తీసుకుంటున్నది కూడా ఈ ప్రాంతంలోనే. మీ ఊళ్ళో ఎడ్లు నీళ్ళు తాగవా?

మీ తెల్లగీతలను రోజూ చూస్తున్నాను. ఈ ఊళ్ళో స్కూటర్లు బ్యాంకు మేనేజరుకు, ఇద్దరు డాక్టర్లకు, ఇంకొందరికి ఉన్నాయి. వాళ్ళు ఇంటి నుంచి నడిచి రాగలిగిన దూరంలోనే చౌరస్తా ఉంది. పొద్దున్నుంచి సాంసన్ ఖాళీ గీతలకు కాపలా కాస్తున్నాడు. నిన్న మా ఇంటామె ఆ గీతల మధ్య మిరపకాయలు ఎండబోస్తే వాటికీ టోకెన్ ఇచ్చాడు. "వాహనం కానిది ఉండొద్దన్నరక్కా. టోకెన్ ఉంటే వాహనమే అనుకుంటరు" అన్నాడట.

ఒక మాట ముందే చెబుతున్నాను. మీ ఫౌంటెన్ చుట్టు గోడను కొలిచాను. ఎద్దు మూతికి సరిగ్గా సరిపోతుంది. అది తొట్టి కాదు, తామరపువ్వు అని ఎద్దుకు చెప్పడానికి ఎవరిని నియమిస్తారు?

ఇట్లు,
తొట్టి పోయిన కైలాసం

తా.క.: మిరపకాయల టోకెన్ భద్రంగా ఉంది. మీకు కావాలంటే పంపుతాను.

*

చౌరస్తా సుందరీకరణ సంఘం,
9 నవంబరు 1981

శ్రీ కైలాసం గారికి,
అయ్యా,

ప్రాంగణం ప్రారంభోత్సవం జరిగిన మరునాడు దేవరుప్పుల రైతు పెంటయ్య తన బండిని నేరుగా ఫౌంటెన్ వద్దకు తెచ్చి ఎడ్లకు నీరు తాపినాడు. సాంసన్ వారించలేదు సరికదా, పక్కకు జరిగి దారి ఇచ్చినాడు. పిమ్మట పెంటయ్య ఎదురుగా ఉన్న మా కార్యాలయం వరండాలో పల్లికాయ బస్తాలు దించినాడు. ఇదేమని నేను ప్రశ్నించగా అతడు చెప్పిన మాట యథాతథంగా:

"నీ తొట్టిల నా ఎడ్లు తాగినయి సారూ. సరుకు ఇంకెవనికిస్త?"

మేము సరుకు కొనేవారము కామని చెప్పితిని. "తొందరేం లేదు, తూకం రేపు జూద్దాం" అని వెళ్ళిపోయినాడు. ఆ వెనుక మిగతా బండ్లూ వచ్చినవి. ఇప్పుడు మా కార్యాలయం తలుపు సగమే తెరుచుకుంటున్నది. గుమాస్తా కిటికీ గుండా వస్తున్నాడు.

దీని వెనుక మీరు ఉన్నారని మా దృఢమైన అభిప్రాయం. ఫౌంటెన్ గోడ కొలిచినట్లు మీరే ఒప్పుకున్నారు. మూడు రోజులలో సంజాయిషీ ఇవ్వగలరు.

భవదీయుడు,
టి. వెంకటరత్నం

తా.క.: "పశువులు నీరు త్రాగరాదు" అని బోర్డు పెట్టించాము. దానికి ఒక ఎద్దును కట్టివేశారు.

*

జనగామ,
11 నవంబరు 1981

కార్యదర్శి గారికి,

సంజాయిషీ నేను ఇవ్వాలా, మీరు ఇవ్వాలా? నా తొట్టి తీసుకున్నారు. ఇప్పుడు నా రైతులను తీసుకున్నారు. నా కాటా ఖాళీగా వేలాడుతోంది. నా హమాలీలు మీ ప్రాంగణం బల్లల మీద పడుకుంటున్నారు. ఆ బల్లల మీద ఇంతవరకు కూర్చున్న ప్రజలు వాళ్ళే.

నిన్న నేనే పోయి పెంటయ్యను అడిగాను. మా నాయిన కాలం నుంచి మా దుకాణమే కదా పెంటన్నా అన్నాను. అతను నా ముఖం చూడలేదు.

"ఎద్దు మూతి వెట్టినంక నేనేం జెయ్యాలె కైలాసమన్నా? మాట తప్పుమంటవా?"

తప్పమని నేను అనలేకపోయాను. ఎందుకంటే ఇన్నేళ్ళు నా దుకాణం నడిచింది ఆ మాట మీదనే. రెండూళ్ళవతల ఎక్కువ ధర ఇస్తామన్నవాళ్ళు ఉన్న ఏడు కూడా పెంటయ్య నా దగ్గరే దించాడు. అట్లాంటి మనిషి సరుకును మీరు వరండాలో మంచుకు తడుపుతున్నారు. కొనరు, కొనేవాణ్ణి కొననివ్వరు. పల్లికాయ మొలకెత్తితే అతనికి ఏం జవాబు చెబుతారు? తామరపువ్వు చూపిస్తారా?

నా తొట్టి నాకు పంపండి.

కైలాసం

తా.క.: నిన్న మీ గుమాస్తా కిటికీలో ఇరుక్కుంటే బయటికి లాగింది నా హమాలీలు. ఇది సంజాయిషీ కింద రాసుకోవచ్చు.

*

చౌరస్తా సుందరీకరణ సంఘం,
18 నవంబరు 1981

శ్రీ కైలాసం గారికి,

మీ ఉత్తరంలోని భాష అభ్యంతరకరంగా ఉంది.

ఫౌంటెన్ నీరు నిలిపివేశాము. అయినా బండ్లు ఆగలేదు. ఒకసారి తాగినాక పంట అయ్యేదాకా అంతేనని రైతులు అంటున్నారు. పైగా స్కూటర్ల టోకెన్లు సాంసన్ ఎడ్ల కొమ్ములకు కట్టినాడు. కారణం అడుగగా, ఆగిన ప్రతిదానికీ టోకెన్ ఇవ్వమని నేనే చెప్పినట్లు జవాబిచ్చినాడు. స్కూటర్ల స్థలం బండ్లతో నిండిపోయినందున నా స్కూటరును రైలు గేటు అవతల నిలిపి నడిచి వస్తున్నాను.

ఇక ఉపేక్షించుట వీలుకాదు. మీ తొట్టి పగలలేదు, మా గోదాములో ఉన్నది. దానిని ఎల్లుండి, శుక్రవారం ఉదయం ట్రాక్టరుపై తరలించి రైలు గేటు అవతల బండ్ల అడ్డాలో శాశ్వతంగా పాతించెదము. రైతులు అక్కడే నీరు తాపుకుని అక్కడే సరుకును తమకు ఇష్టమైన వారికి అమ్ముకుందురు. ఇది తుది నిర్ణయము.

టి. వెంకటరత్నం

తా.క.: నిన్న విచారణ కొరకు మీ దుకాణానికి వచ్చితిని. మీరు లేరు. మీ శ్రీమతి రాజమణి గారు మజ్జిగ ఇచ్చినారు. ఉప్పు సరిపోయినది. దీనికి విచారణతో సంబంధం లేదు.

*

జనగామ,
19 నవంబరు 1981

వెంకటరత్నం గారూ,

మా నాయిన పేరు చెక్కిన రాయి అది. దాన్ని రైలు గేటు దాటించి అందరికీ అప్పగిస్తే నా దుకాణం తలుపులు మూసుకోవలసిందే. రేపు పొద్దున రైలు గేటు దగ్గర మీ ట్రాక్టరుకు అడ్డం పడుకుంటాను. లాఠీలు తెచ్చుకోండి. నాకు అలవాటే.

కైలాసం

తా.క.: పడుకోవడానికి చాప అడిగితే రాజమణి ఇవ్వనంటోంది. మీ సిమెంటు బల్ల ఒకటి పంపగలరా?

*

చౌరస్తా సుందరీకరణ సంఘం,
21 నవంబరు 1981

శ్రీ కైలాసం గారికి నమస్కారములు.

నిన్న మధ్యాహ్నం దాకా మీరు రైలు గేటు దగ్గర పడుకుని ఉన్నందున మీ దుకాణం ముందు జరిగినది చూడలేదు. ఊరివారు మీకు తలా ఒక విధంగా చెప్పి ఉంటారు. ఉన్నది ఉన్నట్లు రాస్తున్నాను.

తొట్టిని ఎక్కించుకున్న ట్రాక్టరు గోదాము నుంచి బయలుదేరి సరిగ్గా మీ దుకాణం ముందుకు వచ్చేసరికి ఇంజను పొగలు కక్కి ఆగిపోయింది. ఫౌంటెన్‌లో నీరు లేదు. ఆపించినది నేనే. డ్రైవరు మీ దుకాణంలో నీళ్ళు అడిగాడు. రాజమణి గారు బిందె ఇచ్చారు. అతడు బిందెడు నీళ్ళూ రేడియేటరులో పోశాడు. ఇంజను కదిలింది.

పెంటయ్య వచ్చి ట్రాక్టరు ముందు నిలబడ్డాడు. అతని వెనుక రైతులందరూ నిలబడ్డారు.

"గీ బండి కైలాసమన్న ఇంట్ల నీళ్ళు తాగింది సారూ. సరుకు దించకుండ ఎటు పోతది?" అన్నాడు.

ఇది యంత్రమని, ఎద్దు కాదని చెప్పాను. తాగిందా లేదా అని అడిగాడు. తాగింది.

మీ హమాలీలు నా ప్రాంగణం బల్లల మీది నుంచి లేచి వచ్చి సరుకును దించారు. సరుకు అంటే తొట్టి. పాత గుంటలోనే కూర్చుంది. అంతటితో ఆగలేదు. సంఘం బండే కైలాసం దగ్గర తాగినప్పుడు సంఘం సరుకంతా కైలాసం దుకాణానికే పోవాలని పెంటయ్య తేల్చాడు. మా వరండాలోని బస్తాలను రైతులు తామే మోసి మీ కాటా దగ్గర పేర్చారు. మీరు గేటు దగ్గర నుంచి వచ్చి చూసినవి అవే. ఒక్క బస్తా కూడా మొలకెత్తలేదని గుమాస్తా పరిశీలించి చెప్పాడు. అతడు నిన్న తలుపు గుండా ఇంటికి వెళ్ళాడు.

తొట్టి ఇప్పుడు స్కూటర్ల గీతల మధ్య ఉంది. అక్కడ వాహనం తప్ప మరేదీ ఉండరాదన్న నియమాన్ని ఉల్లంఘించలేను. సాంసన్ దానికి టోకెన్ కట్టాడు. కనుక మా పుస్తకాల ప్రకారం అది నిలిపి ఉంచిన వాహనం. యజమాని వచ్చి తీసుకుపోయే వరకు అక్కడే ఉండవచ్చు. మీరు తీసుకుపోరని ఆశిస్తాను.

ఎడ్లబండ్ల అడ్డాను తిరిగి చౌరస్తాకే మార్చాము. నా స్కూటరుకు మీ దుకాణం పక్క సందులో కాస్త చోటు ఇప్పించగలరు.

భవదీయుడు,
వెంకటరత్నం

తా.క.: మీ ఇంట్లో నేను తాగిన మజ్జిగ నీళ్ళ కిందికి వస్తుందా అని పెంటయ్యను అడిగాను. అతను నవ్వలేదు. "పలసగున్నదా, చిక్కగున్నదా?" అని అడిగాడు. పలుచగానే ఉంది. నన్ను మీ దుకాణంలో ఏం దించమంటారు?