రెండు వీధుల అవతల

అమ్మకు,

నమస్కారాలు. ఇక్కడ నేనూ బుడంకాయా క్షేమం. నువ్వూ క్షేమమని తలుస్తాను. ఈ రెండు ముక్కలూ ముందు కనబడకపోతే ఉత్తరం చేత్తో పట్టుకుని కొంప మునిగిందని కూర్చుంటావు కాబట్టి రాసేశాను. ఇక మిగతాది నెమ్మదిగా చదువు. ఫోన్‌లో మనిద్దరికీ పోట్లాట తప్ప మాటలు కుదరవు. నువ్వు "ఊఁ" అంటావు, నేను "ఊఁ అంటే ఏమిటి" అంటాను, అక్కడితో సరి. అందుకే రాయడం.

నీ ఉత్తరం చేరింది. అడిగినవాటికి వరసగా చెబుతాను. నీ మనవరాలు బుడంకాయకి దగ్గు తగ్గింది. ముందు పన్ను ఒకటి ఊడింది, రెండోది ఊగుతోంది. రోజంతా దాన్ని నాలుకతో తోస్తూ కూర్చుంటుంది. అన్నీ అడిగావు గాని నీ మోకాలి గురించి ఒక్క ముక్క రాయలేదేం? నువ్వు చూసుకునే ముసలమ్మల నొప్పులు మాత్రం పేజీ నిండా ఉన్నాయి. అంత పెద్ద వృద్ధాశ్రమంలో నీ మోకాలికి తైలం రాసే దిక్కే లేదా?

సెలవులకి వెళ్ళేవాళ్ళకి పని ఎవరిస్తారే అని అడిగావు. దాని పేరు వర్కింగ్ హాలిడే వీసా. పేరైతే అలా పెట్టారు గాని అందులో సెలవూ లేదు గిలవూ లేదు. వయసులో ఉన్నవాళ్ళు ఏడాదిపాటు పరాయి దేశంలో ఉండి, దొరికిన పని చేసుకుంటూ తిరగొచ్చు. తోటల్లో పళ్ళు కోయడం, హోటళ్ళలో పక్కలు సర్దడం, అంట్లు తోమడం, ఇలాంటివి. నాలాంటివాళ్ళకి తిరగడం సంగతి దేవుడెరుగు, పని ఉంటే చాలు. ముప్పై దాటి ముప్పై ఒకటి పడిందంటే మాత్రం ఇక రానివ్వరు. నా పుట్టినరోజు ఎప్పుడో నీకు నేను చెప్పాలా? ఇప్పుడు వెళ్ళకపోతే మరి లేనట్టే.

ఉన్న ఊళ్ళో పని దొరకలేదా అని కూడా రాశావు. ఆ మాటకి నాకు కోపం వచ్చింది, దాచుకోను. నేను పనిచేసే లాండ్రీలో కొత్త మిషను దింపారు. తడి దుప్పటి ఇటు పెడితే ఇస్త్రీ అయి మడత పడి అటు వస్తుంది. నేనూ, నాతో దుప్పట్లు మడిచే నా జోడీ బల్ల పక్కన నిలబడి సినిమా చూసినట్టు చూశాం. ఓనరు మంచివాడే. "నువ్వు బాగా చేస్తావమ్మా, కానీ ఆ మిషను నడుం నొప్పి అనదు" అన్నాడు. ఈ నెలాఖరుతో మా ఇద్దరికీ ఉద్వాసన. ఊళ్ళో ఉన్న లాండ్రీలూ హోటళ్ళూ అన్నీ కాళ్ళరిగేలా తిరిగాను. అన్నిచోట్లా అదే మిషను నా కంటే ముందే చేరిపోయింది. పిల్ల నాన్నని అడగమంటావేమో, ఆయన కొత్త సంసారంలో తలమునకలుగా ఉన్నాడు. ఉండనీ.

వీసా వచ్చేదాకా ఎన్ని పాట్లు పడ్డానో రాయలేదు కదూ. పోలీసుల దగ్గర నేను దొంగని కానని కాగితం తెచ్చుకున్నాను. ఇంగ్లీషు పరీక్షలో నాకిష్టమైన చోటు గురించి మాట్లాడమన్నారు. ఏమీ తోచక మా ఇస్త్రీ గది గురించి చెప్పాను. ఆవిరి, గోడకి ఆనించిన బల్ల, ఒక రెక్క వంగిన ఫ్యాను. పరీక్ష పెట్టిన అమ్మాయి నవ్వి మంచి మార్కులే వేసింది. ఎక్స్‌రే తీసే అతను గుండెని పలకకి ఆనించి నిలబెట్టి, ఊపిరి బిగపట్టండి, వదలొద్దు అన్నాడు. ఆ బిగపట్టిన ఊపిరి నేనింకా వదల్లేదేమో అనిపిస్తుంది. అన్నీ అయ్యాయి, టికెట్టు కూడా తీశాను.

ఇక నువ్వు రెండుసార్లు కింద గీత గీసి మరీ అడిగిన ప్రశ్న. పిల్లని వెంట ఎందుకు తీసుకెళ్ళకూడదు? కూడదమ్మా. ఆ వీసాలో పిల్లలకి చోటు లేదు. తల్లైనా పరవాలేదు గాని ఒంటరిగా రావాలి, అంతే. ఆ రూలు రాసినవాళ్ళకి పిల్లలు ఉన్నారో లేదో నాకు తెలియదు. నేను వీసా ఏజెంటు ముందు గింజుకున్నాను, బతిమాలాను, చివరికి అరిచాను కూడా. ఆయన పాపం నీళ్ళ గ్లాసు నా వైపు జరిపి, "ముందు మీరు వెళ్ళండి, ఏడాదిలో ఎవరైనా పనిమంతురాలని మిమ్మల్ని పనిలో పెట్టుకుంటే అప్పుడు పిల్లని పిలిపించుకునే వీసా వేరే ఉంటుంది" అన్నాడు. ఆ "పెట్టుకుంటే" పట్టుకునే వేలాడుతున్నాను.

నువ్వు ఉద్యోగం మానేసి వచ్చి దాన్ని చూసుకుంటానన్నావు. సంతోషం. "పిల్లలు ఇట్టే అలవాటు పడతారు, నువ్వు మాత్రం పడలేదా" అని కూడా రాశావు. ఆ మాట దగ్గర ఆగిపోయాను. దాని సంగతి చివర్లో చెబుతాను.

ముందు ఇది చెప్పనీ. పోయిన వారం నువ్వు ఫోన్ చేస్తే కింది వాటా అత్తయ్య నేను ఊళ్ళో లేనంది. నేను కూడా పని మీద పొరుగూరు వెళ్ళానని నీతో బొంకాను. నేనెక్కడికీ వెళ్ళలేదమ్మా. మనింటికి రెండు వీధుల అవతల, ఇస్త్రీలో నా జోడీ గదిలో ఉన్నాను. దాన్ని అందరూ రేడియో అంటారు, నోరు మూతపడదు. ఈ ఆలోచన దానిదే. "ఒక్కసారిగా వదిలి వెళితే పిల్ల బెంబేలెత్తిపోతుంది, ముందు ఒక వారం ప్రాక్టీసు చేయండి" అంది. నాకూ నిజమే అనిపించింది.

బుడంకాయని కూర్చోబెట్టి చెప్పాను. ఈ వారం అమ్మ ఆ దేశంలో ఉన్నట్టే. కనబడదు, ఫోన్‌లోనే మాట్లాడుతుంది. నువ్వు కింద అత్తయ్య దగ్గర తిని, అక్కడే పడుకుని, బడికి వెళ్ళి రావాలి. బడిలో డ్రిల్లు నేర్పినట్టు తల ఊపింది. నేను సంచి తీసుకుని బయల్దేరుతుంటే టాటా చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. వెనక్కి చూడలేదు. నేనే మెట్ల మీద కూలబడ్డాను.

రోజూ సాయంత్రం ఫోన్ చేసేదాన్ని. అది భలేగా ఆడింది. "మీ దేశంలో ఇప్పుడు టైమెంత? అక్కడ పిల్లులు మన పిల్లుల్లాగే అరుస్తాయా?" అని అడిగేది. నేను నోటికొచ్చింది చెప్పేదాన్ని. ఎప్పుడొస్తావు అని మాత్రం ఒక్కనాడూ అడగలేదు. అత్తయ్యని అడిగితే, "బంగారం, కంట తడి పెడితే ఒట్టు" అంది. నాకు సంతోషం కలగాలి కదా. కలగలేదు.

ప్రాక్టీసు నిలబెట్టుకోలేనిది నేనే. రెండో సాయంత్రమే అత్తయ్య కిటికీ ఎదురుగా, వీధికి అవతలి పక్క వెళ్ళి నిలబడ్డాను. తిన్నదో లేదో చూసి పోదామనుకున్నాను. కిటికీకి పరదా ఉంటే ఏం కనిపిస్తుంది, లైటు తప్ప. అయినా రోజూ వెళ్ళాను. అక్కడి నుంచే ఫోన్ చేసి విదేశంలో ఉన్నానని చెప్పేదాన్ని. నా మొహానికి అదొక విదేశం.

శుక్రవారం వాన పట్టుకుంది. తడుస్తూనే ఫోన్ చేశాను.

"అక్కడ వాన పడుతోందా అమ్మా?" అంది.

"లేదమ్మా, ఇక్కడ ఎండ కాస్తోంది" అన్నాను.

ఫోన్‌లో నాలుక చప్పుడు వినబడింది. పన్ను తోస్తోందేమో అనుకున్నాను. తర్వాత అత్తయ్యకి వినబడకుండా గొంతు తగ్గించి, "అయితే ఎండలో నిలబడకు. నీ వెనకాల టైలరు కొట్టుకి రేకు ఉందిగా, దాని కిందికి జరుగు" అంది.

తల ఎత్తి చూశాను. పరదా అంచు పక్కకి జరిగి ఉంది.

"రోజూ చూస్తున్నావా?" అన్నాను.

"ఊఁ. చెయ్యి ఊపలేదులే. ఊపితే నువ్వు వచ్చేస్తావని."

ఇక నా వల్ల కాలేదు. రోడ్డు ఎలా దాటానో, అత్తయ్య తలుపు ఎలా తట్టానో తెలియదు. అది తలుపు తీసింది. నా మీద పడి ఏడుస్తుందనుకున్నాను. గుమ్మంలోనే నిలబడి, మొహం గంటు పెట్టుకుని, "నేను ఏడవలేదుగా, మరి ఎందుకొచ్చావు?" అంది.

నువ్వు ఏడిస్తే అమ్మ వెళ్ళలేకపోతుంది, అమ్మ వెళ్ళకపోతే మనకి గడవదు అని అత్తయ్య చెప్పిందట. మంచికే చెప్పింది, ఆవిణ్ణి ఏమనను?

ఇప్పుడు నీ మాటకి జవాబు. నువ్వు ఆశ్రమంలో పనికి చేరి నన్ను పెద్దమ్మ ఇంట్లో వదిలినప్పుడు నేను రెండో తరగతి. నాకు కూడా పెద్దమ్మ సరిగ్గా అదే చెప్పిందమ్మా. ఏడిస్తే మీ అమ్మ ఉద్యోగం పోతుందని. నేను బాగా ఉన్నానని, ఆడుకుంటున్నానని ఆవిడ నీకు రాసేది, నువ్వు నమ్మేదానివి. నేను అలవాటు పడలేదు. ఏడవడం మానేశాను, అంతే. ఇన్నేళ్ళూ ఇది నీకు చెప్పలేదు, చెబితే నువ్వు ఎక్కడ కుమిలిపోతావోనని. నీ మీద కోపం లేదు. ఉండేది, చాలా ఉండేది. నా కూతురు గుమ్మంలో నిలబడి ఆ మాట అనేదాకా ఉంది.

నాకు ఎటూ పాలుపోవడం లేదు. వెళితే దాన్ని నాలాంటిదాన్ని చేస్తాను. వెళ్ళకపోతే నెలాఖరు తర్వాత దాని కంచంలో ఏం పెట్టాలో తెలియదు, నా వయసు దాటిపోతుంది, ఇంకో దారి లేదు. భయంగా ఉందమ్మా. పగలు నలుగురిలో నవ్వుతున్నాను గాని రాత్రుళ్ళు టికెట్టు తీసి చూసుకుంటూ కూర్చుంటున్నాను. నువ్వు అనుకున్నదాని కంటే ముందే బయల్దేరి రా. వెళ్ళమను, మానమను, తిట్టు, ఏదో ఒకటి నా ఎదురుగా కూర్చుని చెప్పు. నన్ను వదిలి వెళ్ళిన రోజు నువ్వు తిన్నగా బస్సెక్కావా, లేక నువ్వూ ఎక్కడైనా నిలబడ్డావా, అది కూడా వచ్చి చెప్పు. అలవాటు పడతారు అని మాత్రం అనకు.

బుడంకాయ నా పక్కనే కూర్చుని సంచిలో నా బట్టలు మళ్ళీ సర్దుతోంది. ప్రాక్టీసు నా వల్లే చెడిందట, సోమవారం నుంచి మళ్ళీ మొదలుపెట్టాలట. ఈసారి కిటికీ దగ్గరికి రానని నాకు మాటిచ్చింది.

ఇట్లు,
ఇంకా ఎక్కడికీ వెళ్ళని
నీ కూతురు